పెనాంగ్‌లో ఓడ ఆగిన పూట

పోయిన నెల ఇంటికి వెళ్ళినప్పుడు నాన్న కొట్లో చేలకు వేసే జింకు సంచి చిరిగి కౌంటర్ మీదంతా పొడి కారింది. నాన్న తొణక్కుండా సొరుగులోంచి ఒక ప్లాస్టిక్ కార్డు తీసి, ఆ పొడినంతా నెమ్మదిగా ఒక కుప్పగా చేర్చి, కాగితంలోకి ఎత్తాడు. కార్డు మీద ఓడ బొమ్మ ఉంది. దాని పక్కన ఒక రెండు జడల పిల్ల ఫొటో. పిల్ల ముఖం సగం అరిగిపోయింది. మిగిలిన సగాన్ని బట్టి అది నేనేనని పోల్చుకున్నాను.

"ఇది నా ఓడ కార్డు గదా నాన్నా?"

"అవునమ్మా. చానా గట్టిది. ఇట్టాంటి ప్లాస్టిక్కు మనకాడ దొరకదు."

"మరి నీ కార్డేదీ?"

"అది ఎప్పుడో విరిగిపోయింది. నీదే ఆగింది."

కొందరు నాన్నలు కూతుళ్ళ ఫొటోలు పర్సులో దాచుకుంటారట. మా నాన్న నా ముఖంతో జింకు ఎత్తుతున్నాడు. పర్సులో ఫొటోను ఏడాదికి ఒకసారి చూస్తారు, నన్నైతే రోజూ వాడుతున్నాడు కదా అని సర్దిచెప్పుకుని, చిన్నప్పుడు ఓడ ఎక్కేటప్పుడు ఇచ్చిన ఆ కార్డు చేతిలోకి తీసుకుని, కొట్లో బస్తా మీద కూర్చున్నాను. ఆ ఓడ ప్రయాణం గురించి మా ఇంట్లో ఎవరూ మాట్లాడరు. మాట్లాడకూడదని కాదు, సందర్భం రాదు. నరసరావుపేటలో ఎవరికైనా ఓడ గురించి మాట్లాడే సందర్భం ఎందుకు వస్తుంది?

మాది పల్నాడు రోడ్డులో పురుగుమందుల కొట్టు. చిన్నప్పుడు సాయంత్రం నాన్న ఇంటికి రాకముందే ఆయన వాసన వచ్చేది. ఘాటుగా, కొంచెం తియ్యగా, ముక్కు వెనకెక్కడో పట్టుకుని కూర్చునే వాసన. ఇతరుల ఇళ్ళలో నాన్న రాగానే పిల్లలు ఎదురు పరుగెత్తేవాళ్ళు. మా ఇంట్లో మాత్రం అమ్మ వంటింట్లోంచే "ముట్టుకోబాక! స్నానం చెయ్యనీ!" అని అరిచేది. నాన్న చెప్పులు గేటు దగ్గరే వదిలి, పక్కసందులోంచి పెరట్లోకి వెళ్ళి, కుళాయి కింద ఒళ్ళంతా రుద్దుకుని, అమ్మ తీగ మీద వేసి ఉంచిన లుంగీ కట్టుకున్నాక గానీ మాకు నాన్న అయ్యేవాడు కాదు. ఆయన కొట్టు బట్టలకు వేరే నీలం టబ్బు ఉండేది. దాని జోలికి పిల్లి కూడా వెళ్ళేది కాదు. మా ఇంట్లో ప్రేమ అనేది సబ్బు తరువాత మొదలయ్యేది.

కొట్లో నాకు నచ్చింది ఒక్కటే, ఆకులు చూడటం. చేనుకు ఏదైనా పట్టిందంటే రైతులు ఆ ఆకు కోసి చొక్కా జేబులోనో, తలగుడ్డ మడతలోనో పెట్టుకుని వచ్చేవాళ్ళు. నాన్న దాన్ని అటూ ఇటూ తిప్పి, వీధి వెలుతురుకు ఎత్తిపట్టి, వెనకవైపు గోటితో గీరి, అప్పుడు "ఎప్పటినుంచి?" అనేవాడు. మిరపాకు అంచులు పైకి ముడుచుకుంటే తామర పురుగు, కిందికి ముడుచుకుంటే నల్లి. అంతవరకు నాకూ వచ్చు. ఆకు తేకుండా వచ్చి చేను గురించి కళ్ళనీళ్ళు పెట్టుకున్నా నాన్న సీసా తీసేవాడు కాదు. "నోటితో చెబితే నాకేం దెలుస్తదయ్యా, ఆకు తే," అనేవాడు. ఒకాయనకు రోషం వచ్చి మర్నాడు మొక్కనే వేళ్ళతో, మట్టితో సహా పీకి బస్సులో తెచ్చాడు. నాన్న సంతోషించాడు. బస్సులో పక్క సీటాయన సంతోషించినట్టు లేడు.

మందుల కంపెనీలు ఏటా డీలర్లకు ఇంత సరుకు అమ్మాలని లక్ష్యం పెడతాయి. అందుకున్నవాళ్ళకు ఏదో ఒకటి ఇస్తాయి. మా ఇంట్లో కుక్కర్లు, గోడ గడియారాలు, చక్రాల సూట్‌కేసులు అన్నీ పత్తికి పట్టిన పురుగు చలవే. ఆ ఏడాది పురుగు బాగా పట్టింది. ఓడ వచ్చింది. సింగపూర్‌లో ఎక్కి, పెనాంగ్ అనే దీవి దగ్గర ఒక పగలు ఆగి, మళ్ళీ సింగపూర్‌లో దిగడం. డీలరుకూ భార్యకూ టికెట్లు. అమ్మ మాత్రం, "ఆ తెల్లచొక్కాల డీలర్ల మధ్య నేను బొయ్యి ఏం జేస్తా? పిల్లను తీసకపో," అంది. నాన్న సరేనన్నాడు. అసలు సంగతి అమ్మ నాకు వంటింట్లో, కందిపొడికి పప్పు వేయిస్తూ చెప్పింది.

"నేల మీదైతే మీ నాన్న కొట్టుకు బోతాడు, చేలోకి బోతాడు. ఓడ మీద ఎటు బోతాడు? చుట్టూ నీళ్ళేగదా. అప్పుడు చెప్పెయ్."

"నువ్వే చెప్పొచ్చుగా."

"నేను జెబితే నీది తల్లి మనసులే అంటాడు. నీ నోటితో నువ్వే జెప్పాల."

చెప్పాల్సింది ఒకే ఒక్క మాట. హాస్టల్‌కు ఇక వెళ్ళను. గుంటూరులో ఒక రెసిడెన్షియల్ స్కూల్లో ఎనిమిదో తరగతి అయింది. ఓడ ప్రయాణం సెలవుల చివర్లో పడింది. వెనక్కి వచ్చేటప్పుడు చెన్నైలో విమానం దిగి వ్యాన్‌లో నేరుగా గుంటూరు వెళ్ళి నన్ను హాస్టల్లో దింపేయాలని ఏర్పాటు. నా పుస్తకాల పెట్టె అప్పటికే వ్యాన్ వెనక సీటు కిందకు తోసేశారు. ఓడ ఎక్కే పిల్లల్లో, తిరుగు ప్రయాణంలో జైలు సామాను సిద్ధంగా పెట్టుకున్నది నేనొక్కదాన్నే అయ్యుంటాను.

జైలు అన్నానని కంగారు పడకండి. అక్కడ నన్ను ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు. ఆదివారం కోడికూర కూడా పెట్టేవాళ్ళు. చెప్పుకోవడానికి ఒక్క దుర్మార్గుడూ లేకపోవడమే నా కష్టమంతా. తెల్లవారకముందు గంట, స్టడీ అవర్, క్లాసు, మళ్ళీ స్టడీ అవర్, దీపాలార్పే గంట. ఎండ మా మీద పడేది మెస్‌కు నడిచే దారిలోనే. దసరా తరువాత దువ్వెనలోకి జుట్టు ఉండలుగా రావడం మొదలైంది. వార్డెన్ మేడమ్ బోరునీళ్ళ వల్ల అంది. అందరం నమ్మాం. అంతకంటే నన్ను భయపెట్టింది వేరొకటి. ఒకరోజు పక్కమంచం పిల్ల, "నువ్వు మొదట్లో భలే జోకులేసేదానివి గదే," అంది, పోయినవాళ్ళ గురించి మాట్లాడినట్టు. ఆలోచిస్తే నిజమే. నేను ఎవరినైనా నవ్వించి ఎన్నాళ్ళయిందో నాకే గుర్తు రాలేదు. ఇదంతా నాన్నకు ఎలా చెప్పాలి? నా జోకులు తగ్గిపోయాయని ఎవరైనా స్కూలు మానేస్తారా?

దానికి తోడు, నాన్నకు ఆ స్కూలంటే గర్వం. ఎవరు ఎదురుపడినా "మా అమ్మాయి సెక్షన్లో రెండో ర్యాంకు" అనే మాటతో పలకరించేవాడు. ఎదుటివాళ్ళు అడగకపోయినా పరవాలేదు.

ఓడ విషయంలో అమ్మ లెక్క తప్పింది. చుట్టూ నీళ్ళున్న మాట నిజమే గానీ, లోపల మా మెయిన్ రోడ్డును నిట్టనిలువుగా నిలబెట్టినంత ఊరుంది. నాన్న దొరికితే ఒట్టు. ఒక అంతస్తులో కంపెనీ మీటింగు, ఇంకో అంతస్తులో భోజనం, పై అంతస్తులో పల్నాడు డీలర్లందరూ తెల్లచొక్కాల్లో వరసగా నిలబడి సముద్రాన్ని చూస్తూ, ఇన్ని నీళ్ళుండీ చుక్క పనికిరాదని బాధపడటం. గదికి వచ్చాడంటే నిద్రకే. ఆ కాస్త సమయంలో ధరణికోట సాంబయ్య మామ తలుపు కొట్టేవాడు. ఆయనా డీలరే. మాకు చుట్టరికమేమీ లేదు గానీ నాన్నను బావా అంటాడు, కాబట్టి నాకు మామ. జేబులో కారప్పొడి పొట్లం పెట్టుకుని తిరిగేవాడు. బ్రెడ్డు మీద, ఉడకబెట్టిన చిక్కుడు గింజల మీద, ఆఖరికి పుచ్చకాయ ముక్క మీద కూడా చల్లుకునేవాడు. పొట్లం మడుస్తూ ప్రతి భోజనానికీ ఒకే ప్రశ్న వేసేవాడు, "ఏం కోడలా, ఈసారన్నా ఫస్టు ర్యాంకు కొడతావా లేదా?"

నా బదులు నాన్నే చెప్పేవాడు, "కొడతది."

పెనాంగ్‌లో ఓడ దిగేసరికి ఎండ మా ఊరి ఎండే. కాకపోతే తడిగుడ్డలో చుట్టి ఇచ్చినట్టుంది. రేవు దగ్గర ఎండుచేపల వాసన, డీజిల్ వాసన. జెండా పట్టుకున్న గైడు వెనక మా వాళ్ళంతా పాత వీధుల్లోకి నడిచారు. అక్కడి ఇళ్ళు ఎదర సన్నగా, లోపలికి పొడుగ్గా ఉంటాయి. కింద కొట్టు, పైన కాపురం, వసారాలన్నీ ఒకదానికొకటి కలిసిపోయి ఎండ తగలకుండా నడవొచ్చు. గైడు గోడల మీద బొమ్మలు చూపిస్తున్నాడు. నాన్న కిందకు చూస్తున్నాడు. ఒక వసారా లోపలి మూలన మట్టికుండీలో మిరపచెట్టు కనబడింది. అంతే, నాన్న ఆగిపోయాడు. గొంతుకూర్చుని, ఒక ఆకు తుంచి, తిప్పాడు.

లోపల కుర్చీలో కూర్చుని కూరగాయలు తరుగుతున్న చైనా అవ్వ ఒక్క అరుపు అరిచింది. ఆ భాష నాకు రాదు గానీ ఆ అరుపు తెలుసు. మా వీధిలో అడక్కుండా కరివేపాకు కోస్తే ఇదే అరుపు.

నాన్న లేచి రెండు చేతులూ జోడించి, "ఏం లేదమ్మా, చూస్తన్నా అంతే," అని తెలుగులో చెప్పి, నా వైపు తిరిగాడు. "నేను డీలర్నని చెప్పమ్మా."

పరాయి దేశంలో ఒక ముసలావిడ మొక్క దగ్గర దొరికిపోయిన మనిషిని డీలర్ అని పరిచయం చేయడం క్షేమం కాదని నాకు ఆ వయసులోనే తెలుసు. మొక్కల డాక్టర్ అని చెప్పాను. అవ్వ కత్తి కింద పెట్టింది. ఆమెకు కొద్దిగా ఇంగ్లీషు వచ్చు.

"ఎప్పటినుంచి ఇట్టా ఉందో అడుగు," అన్నాడు నాన్న.

అడిగాను. అవ్వ చేతులు తిప్పుతూ చెప్పుకొచ్చింది. నేను తెలుగు చేస్తూ పోయాను. "మొదట్లో బయట వీధిలోనే పెట్టిందట. బాగా కాసిందట. పోయేవాళ్ళూ వచ్చేవాళ్ళూ కాయలు కోసుకుపోతున్నారట. భద్రంగా ఉంటుందని లోపలికి జరిపిందట." అక్కడ ఆగి ఊపిరి తీసుకోవాల్సి వచ్చింది. "లోపలికి జరిపినకాడ్నుంచీ ఇలా అయిపోయిందట."

"గాలీ ఎండా లేకపోతే అవదా మరి? మందెందుకు దీనికి? బయట పెట్టమను. నాలుగు కాయలు బోతే బోతయ్."

మందులు అమ్మి ఓడెక్కిన మనిషి మందెందుకు అన్నాడు. కంపెనీవాళ్ళు వింటే అక్కడికక్కడే ఓడ దించేసేవాళ్ళు. నాకు మాత్రం ఆ మాట ఇంగ్లీషులోకి తిప్పడం చేతకాలేదు. సినిమాలో అయితే ఇక్కడ వయొలిన్లు మోగి, తండ్రి కూతురి ముఖంలోకి చూసి అంతా గ్రహించేవాడు. నాన్న నా ముఖంలోకి చూసి, "చెప్పవేంది? తొందరగా చెప్పు, వాళ్ళు బొయ్యారు," అన్నాడు.

చెప్పాను. అవ్వ భుజాలెగరేసి, కుండీ బరువు, నువ్వే జరుపు అన్నట్టు చెయ్యి చూపింది. నాన్న కుండీని ఒడిసిపట్టి వీధి అంచుదాకా ఈడ్చాడు. తెల్ల ప్యాంటు మోకాళ్ళ దగ్గర మట్టి రంగు తిరిగింది. అవ్వ ఒక కాగితంలో పంచదార పట్టించి ఎండబెట్టిన జాజికాయ తొక్కలు పెట్టి ఇచ్చింది. డాక్టరు ఫీజు. నోట్లో వేసుకుంటే తీపి, వెంటనే వగరు.

అప్పటికి జెండా, తెల్లచొక్కాలు కనుచూపు మేరలో లేవు. రేవు దారి తెలుసు కాబట్టి కంగారు పడకుండా, వీధి మలుపులో ఒక ఐసు బండి దగ్గర బల్ల మీద కూర్చున్నాం. గిన్నెలో తురిమిన ఐసు, కొబ్బరిపాలు, నల్లబెల్లం పాకం, ఆకుపచ్చ సేమ్యా లాంటిదేదో. నాన్నకు ఒక పక్క నేను, ఒక పక్క గోడ. సాంబయ్య మామ లేడు, మీటింగు లేదు. అమ్మ చెప్పిన ఓడ ఇదే అనుకున్నాను.

"నాన్నా, నేనింక హాస్టల్‌కు పోను."

"కరిగిపోతంది, తిను."

"నిజంగా నాన్నా. పోను."

నాన్న చెంచా గిన్నెలో పెట్టాడు. "ఎవరన్నా ఏమన్నా అన్నారా?"

"లేదు."

"తిండి బాగలేదా?"

"బాగానే ఉంటది."

"చదువు ఎక్కట్లేదా?"

"ఎక్కుతంది."

"మరేంది?"

మరేందో నాకూ తెలియదు. ఆకు తేకుండా కొట్టుకు వచ్చిన రైతులాగా ఉంది నా పని. అందుకని జడ రబ్బరు తీసి, జుట్టులోకి వేళ్ళు పోనిచ్చి దువ్వాను. లాగలేదు, దువ్వానంతే. వేళ్ళకు వచ్చినదాన్ని ఆయన అరచేతిలో పెట్టాను.

నాన్న దాన్ని చూశాడు. వేళ్ళతో విడదీసి, ఒక వెంట్రుకను వీధి వెలుతురుకు ఎత్తి, కుదురు దగ్గర గోటితో తాకాడు. ఆయన మొహం కొట్లో ఉండే మొహమే. ఏ రైతు తెచ్చినదాన్నైనా ఇంతే శ్రద్ధగా చూస్తాడు, అందులో నాకేమీ ప్రత్యేకత లేదు. కాకపోతే రైతుల ఆకును వెలుతురుకు ఒక్కసారే ఎత్తుతాడు, దీన్ని మళ్ళీ ఎత్తాడు.

"ఎప్పటినుంచి?"

"దసరా అయినకాడ్నుంచి. నీళ్ళ వల్లంట. మేడమ్ చెప్పింది."

"అందరికీనా?"

"చానామందికి."

ఆ జుట్టును బండివాడి పల్చటి కాగితంలో మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. ఏదో అనబోయాడు కూడా. అంతలో వీధి ఆ చివర నుంచి సాంబయ్య మామ కేక. "ఓ బావా! ఓడ పోతంటే ఈడ కూర్చొని పాయసం తాగతన్నారా తండ్రీకూతుళ్ళు! నీకోసం జెండావోడు ఊరంతా తిరగతన్నాడయ్యా!" లేచి పరుగెత్తాం. నా జీవితంలో అతి ముఖ్యమైన సంభాషణ అలా ముగిసింది, సగం తిన్న ఐసు గిన్నె పక్కన.

ఆ తరువాత నాన్న ఆ ఊసే ఎత్తలేదు. నేను అడగలేదు. అడిగితే పోవాల్సిందే అంటాడేమో, అడగకపోతే ఇంకా అనలేదు కదా అని. సాంబయ్య మామ ఎప్పట్లాగే ఫస్టు ర్యాంకు గురించి అడిగితే, నాన్న "కొడతది" అనలేదు. "ఆ కారప్పొడి ఇటియ్యి," అన్నాడు. దాన్నిబట్టి ఏం తెలుస్తుంది? నిజంగా కారం కావాలేమో.

ఇప్పుడు రైతులు ఆకులు తేవడం తగ్గించేశారు. పొద్దున్నే నాన్న ఫోన్ నిండా ఆకుల ఫొటోలు. ఆయన రెండు వేళ్ళతో పెద్దవి చేసి చూసి, "ఫొటోలో అన్నీ పచ్చగానే ఉంటయయ్యా, కొట్టు కాడికి రా," అని వాయిస్ మెసేజ్ పెడతాడు. పల్నాడు రోడ్డు పొడుగునా హోర్డింగుల మీద ర్యాంకుల పిల్లలు, ఏటా ఇంకొంచెం చిన్నవాళ్ళు, ఇంకొంచెం తెల్లగా. ఆ స్కూళ్ళవాళ్ళు మా కొట్టు గోడ అడిగితే నాన్న ఇవ్వలేదు, మందుల బోర్డుకే చాలదన్నాడు. నేను మా ఊళ్ళోనే చదువుకుని, ర్యాంకులు అనే మాట మా ఇంట్లో వినబడనంతగా చదువుకుని, ఇప్పుడు హైదరాబాద్‌లో సబ్బులకూ బిస్కట్లకూ ప్రకటనలు రాస్తున్నాను. జోకులకు జీతమిచ్చే చోటు అదొక్కటే దొరికింది. పక్కమంచం పిల్ల అక్కడే ఉండి చదివి డాక్టరైంది. ఈ మధ్య ఒక పెళ్ళిలో కలిసింది. జుట్టు నాకంటే ఒత్తుగా ఉంది. కాబట్టి దీన్ని నీతికథగా ఎవరికీ చెప్పలేను. నాన్న ఎప్పుడైనా పశ్చాత్తాపపడ్డాడేమో కూడా తెలియదు. ఎవరైనా కన్నపిల్లను ఇంటికి తెచ్చుకుంటే ఏం పోతుందో, దింపి వస్తే ఏం పోతుందో ముందుగా తెలిసేది ఎవరికి? ఆయనకు తెలిసిందల్లా ఆ పూట చేతిలో ఉన్నదే.

చెన్నైలో సాంబయ్య మామతో కలిసి వ్యాన్ ఎక్కినప్పుడు నా పెట్టె సీటు కింద అలాగే ఉంది. కాళ్ళు పెట్టుకోవడానికి వీల్లేక దాని మీదే పెట్టుకుని కూర్చున్నాను. నెల్లూరు దాటింది, ఒంగోలు దాటింది. నాన్న నిద్రపోయినట్టే ఉన్నాడు. చిలకలూరిపేట దగ్గర హైవే నేరుగా గుంటూరుకు పోతుంది, ఎడమకు తిరిగితే మా నరసరావుపేట. అడ్డరోడ్డు వచ్చేసరికి నాన్న డ్రైవర్ భుజం తట్టి ఆపమన్నాడు.

"టీకా బావా?" అన్నాడు సాంబయ్య మామ ఆశగా.

నాన్న దిగి, వెనక తలుపు తీసి, నా కాళ్ళ కింద నుంచి పెట్టె లాగి రోడ్డు పక్కన పెట్టాడు. "దిగమ్మా," అన్నాడు.

"హాస్టల్ గుంటూర్లో గదయ్యా?" అన్నాడు మామ.

"ఇల్లు ఇటు గదా," అన్నాడు నాన్న.

సాంబయ్య మామకు ఇంకా చాలా ప్రశ్నలున్నాయి. వ్యాన్ ఆయన్ను వాటితో సహా తీసుకుపోయింది. నరసరావుపేట బస్సు వచ్చింది. నాన్న పెట్టెను మెట్ల మీదుగా ఎక్కించి, డ్రైవర్ వెనక సీట్లో నన్ను కిటికీ పక్కకు జరగమన్నాడు. బస్సు నిండా జనం, పెట్టెను మా కాళ్ళ దగ్గర ఇరికించుకున్నాం. కండక్టర్ టికెట్లు కొడుతూ మా దగ్గరకొచ్చి పెట్టెను కాలితో తట్టాడు.

"ఏందన్నా ఇంత పెట్టె? పాపను హాస్టల్‌కు దింపటానికా?"

నాన్న గొంతు సవరించుకున్నాడు. రెండో ర్యాంకు గురించి చెప్పేముందు కూడా అలాగే సవరించుకునేవాడు.

"గాదు. మా అమ్మాయి ఇంటికొస్తంది," అన్నాడు, వెనక సీట్లవాళ్ళకు కూడా వినబడేట్టు.